పగులు సంతలో మంచుదీపం

కనుమ దారి చివరి మలుపు తిరగగానే సౌగంధి బండిలోంచి ఒకసారి వెనక్కి చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది. మణిశైల శిఖరాల మీద మసిమంచు కూర్చుని ఉంది. నిన్న కొండ నడుమున ఉన్నది ఇవాళ తెల్లవారేసరికి ఇంకాస్త కిందికి జారింది. మందను చూసిన తోడేలులా, తొందర లేకుండా జారింది. దాని కిందనే ఎక్కడో కంచరిగూడెం. గూడెంలో అమ్మ, చెల్లి.

మసిమంచు సంగతి ఆ కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అది పట్టినవాళ్ళు మొదట తమవాళ్ళను మరిచిపోతారు. తరువాత తమ పేరే మరిచిపోతారు. ఆఖరికి ఎవరో పిలిచినట్టు లేచి దాని వెంట నడిచి వెళ్ళిపోతారు. వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చింది లేదు. నల్లకోన గుహలో కూర్చుని ధూమకంఠుడనే మాంత్రికుడు దాన్ని ఊదుతున్నాడని అంటారు. వాణ్ణి కళ్ళారా చూశామన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఆ మంచును తరిమే దీపం లోకంలో ఒకటే ఒకటి. దాన్ని చేసింది సౌగంధి తండ్రి, కంచరి నాగలింగాచారి. కంచుబుడ్డి, దాని మెడలో జల్లెడలాంటి సన్నని రేకు. ఆ రేకును ఏయే లోహాలు కలిపి పోశాడో ఆయన ఎవరికీ చెప్పలేదు. వత్తి వెలిగి రేకు వేడెక్కితే చాలు, మంచు నిప్పు సోకిన వెంట్రుకలా ముడుచుకుపోయేది.

మణిశైలంలో ఒక ఆచారం ఉంది. కొత్తగా ఏ వస్తువు పుట్టినా అది దేవుడి సొత్తు. చేసినవాణ్ణి ఏనుగు మీద ఊరేగిస్తారు. వస్తువును ఆద్యాలయంలో పెట్టి పూజిస్తారు. అలాంటిది రెండోది చేస్తే దేవుడికి పోటీ తెచ్చినట్టే, చేసిన చెయ్యి నరుకుతారు. తనంతట తానే తిరిగి నీళ్ళు తోడే చక్రం ఒకటి ఆ గుడిలో ఉంది. దానికి రోజూ ధూపం వేస్తారు. గుడి బయట ఆడవాళ్ళు లోయలోంచి కడవలు మోస్తూనే ఉంటారు. నాగలింగాచారి దీపానికీ అలాగే హారతులిచ్చారు. ఆ వారం తిరగకముందే మంచు ఆయన గుమ్మంలోకి వచ్చింది. ఇంట్లో దీపం లేదు. ఆయనే లేచి గడియ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ దీపం సౌగంధి ఒళ్ళో, పూసలబుట్ట అడుగున ఉంది. గుడిలోంచి దొంగిలించింది ఆమే. గుడి తాళంచెవి తెచ్చింది బండి తోలుతున్న మనిషి.

"రాజకుమారా, బండి గట్టు మీదికి పోతోంది" అంది సౌగంధి.

"మళ్ళీ రాజకుమారా! ఒరే కేతిగా అనమన్నానా లేదా?" అన్నాడు మణిశైలపు చిన్న యువరాజు చిత్రకేతుడు. చిరుగుల తలపాగా, ముఖాన మసి, కాళ్ళకు చెప్పుల్లేవు. కూర్చున్న తీరు మాత్రం ఇంకా అంబారీ మీద కూర్చున్నట్టే ఉంది.

"నోరు రావడం లేదండి."

"పూసలమ్మే మనిషి బండివాణ్ణి అండీ అంటే కోటవాకిలి దగ్గరే పట్టేస్తారు. తిట్టు. గట్టిగా తిట్టు."

సౌగంధి కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టింది. "ఒరే కేతిగా, నీ మొహం మండ! ఎద్దుల్ని చూసి తోలరా!"

"ఆ, అదీ!" అని, కాస్త ఆగి, "మరీ అంత మనసారా అనక్కర్లేదు" అన్నాడు చిత్రకేతుడు.

కింద వేలాపురం మెరుస్తోంది. అర్ధచంద్రాకారపు రేవులో తెరచాపలు కొంగల బారుల్లా నిలిచి ఉన్నాయి. ఇళ్ళ కప్పులకు పరిచిన ఆల్చిప్పలు ఎండ తగిలిన చోటల్లా రంగులు మారుస్తున్నాయి. వీధివీధికీ కొలిమి, కొలిమికొలిమికీ పొగ. సుత్తుల చప్పుడు సముద్రపు హోరుతో పోటీపడి కొండదాకా వినిపిస్తోంది. ఆ నగరంలో ఏ వస్తువుకూ గుడి లేదు. ఒక్క రాయి ఉంది. ఆ రాయి కోసమే వాళ్ళిద్దరూ వచ్చారు.

కోటవాకిలి దగ్గర కావలివాడు బుట్టలోకి తొంగిచూసి ఒకే ప్రశ్న అడిగాడు. "పాతదా, కొత్తదా?"

"కొత్తది" అంది సౌగంధి.

"అయితే కుడివైపు దారి. సంత మొదలైపోయింది, నడువు."

ఎడమవైపు గోడ నీడలో ఇత్తడి పతకాలు వేసుకున్న గుర్రపు రౌతులు నిలబడి ఉన్నారు. చిత్రకేతుడు తలపాగా కొస ముఖం మీదికి లాక్కున్నాడు. వాళ్ళు ఆద్యభటులు, గుడి సొత్తు దొంగలను వేటాడేవాళ్ళు. ముందు నిలబడిన గండుమీసాల మనిషి వాళ్ళ నాయకుడు కఠారి సింగన. మణిశైలం నుంచి వచ్చిన మనిషి అని తెలిస్తే చాలు, పట్టుకుపోతాడు.

పగులు సంత నడుమ నల్లరాతి తిన్నె ఉంది. కొత్త వస్తువు తెచ్చినవాళ్ళు దాన్ని తిన్నె మీద పెట్టాలి. ఇక ఎవరైనా సరే దాన్ని కొట్టవచ్చు, తన్నవచ్చు, నీళ్ళలో ముంచవచ్చు. అది నిలిస్తే ఊళ్ళో ప్రతి కొలిమీ, ప్రతి కుమ్మరి ఆవమూ దాన్ని చేయవచ్చు. పరీక్ష ముగిసేదాకా తెచ్చిన మనిషిని మాత్రం రాజైనా ముట్టరాదు.

వాళ్ళు వెళ్ళేసరికి ఒకడు మడతనిచ్చెన తెచ్చి నిలబెట్టాడు. బొద్దుగా ఉన్న చేపలామె ఒకతె చీర బిగించి ఎక్కింది. రెండు మెట్లు ఎక్కి మూడోదాని మీద కాలు పెట్టగానే నిచ్చెన ఫెళ్ళున విరిగింది. సంతంతా గొల్లుమంది. నిచ్చెన తెచ్చినవాడు అందరికంటే ఎక్కువ నవ్వాడు. ముక్కలు ఏరుకుని, విరిగిన చోటు గోటితో గీకి చూసుకుంటూ ఈలవేసుకుంటూ పోయాడు.

"ఇంతమందిలో పరువు పోయిందే! సిగ్గులేదా వాడికి?" అన్నాడు చిత్రకేతుడు ఉండబట్టలేక.

"సిగ్గెందుకయ్యా?" అంది తిన్నె పక్కన కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తున్న ముసలామె. ఆమె సంతపెద్ద, గవ్వల బంగారక్క. "పోయిన సంతలో మొదటి మెట్టుకే విరిగింది. నీ తలపాగా చూస్తే మూటలు మోసేవాడివి. మాట చూస్తే మోయించుకునేవాడివి. ఎవరు నువ్వు?"

"వాడు మా బండివాడు కేతిగాడమ్మా. కాస్త తిక్క" అంది సౌగంధి గబగబా.

"తిక్కయితే సరే. ఏం తెచ్చావు పిల్లా?"

సౌగంధి దీపం తీసి, వెలిగించి తిన్నె మీద పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక అంతమంది చూపులు ఆమె మీద ఎన్నడూ పడలేదు. "ఇది... మసిమంచును తరుముతుంది" అని మాత్రం అనగలిగింది.

నవ్వులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే తల తిప్పి కొండలవైపు చూశారు. ఆ మంచు తమ మీదికి రాదని ఆ ఊళ్ళో ఎవరూ ధైర్యంగా చెప్పలేరు.

"అయితే కానివ్వండి" అంది బంగారక్క.

ఒకడు ముంతెడు నీళ్ళు గుమ్మరించాడు. ఒకడు ఇసుక చల్లాడు. దీపం రెపరెపలాడింది కానీ ఆరలేదు. చేపలామె రోకలి తెచ్చి, "తప్పుకో తల్లీ" అని ఒక్క దెబ్బ వేసింది. బుడ్డి ఎగిరి రాయి అంచుకు తగిలి కిందపడింది. దీపం ఆరిపోయింది. మెడలోని రేకు అంచు టప్పున విరిగి చిన్న ముక్క ఎటో దొర్లింది.

సౌగంధికి తన గుండే విరిగినట్టయింది. ఏం చేస్తున్నదీ తెలియకుండానే వంగి, దీపాన్ని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకుంది.

రోకలి పట్టుకున్న చేపలామె ఒక అడుగు వెనక్కి వేసింది.

వేలాపురంలో వస్తువును ఎవరూ కళ్ళకద్దుకోరు. వాసన చూస్తారు, కొరికి చూస్తారు, తలకిందులు చేసి చూస్తారు. కళ్ళకద్దుకునే జనం లోకంలో ఒక్కచోటే ఉన్నారు.

"మణిశైలం పిల్ల!" అని ఎవరో అరిచారు.

అప్పటికే కఠారి సింగన గుర్రం జనాన్ని చీల్చుకుని వస్తోంది. "గుడిదొంగ! పట్టుకోండి!"

"ఆగవయ్యా మీసాలూ!" బంగారక్క లేవలేదు, తమలపాకు మడవడం ఆపలేదు. "పరీక్ష ఇంకా అవలేదు. అయ్యేదాకా ఆ పిల్ల మీద చెయ్యి వేశావా, ఈ ఊరి ఓడరేవు మీ రాజుకు రేపటి నుంచి ఉండదు."

సింగన పళ్ళు కొరుకుతూ కళ్ళెం బిగించాడు. భటులు తిన్నె చుట్టూ వలయం కట్టారు. చిత్రకేతుడు సౌగంధి చెవిలో, "పరీక్షను సాగదియ్యి, ఈలోపు నేను దారి చూస్తాను" అని బండివైపు జరిగాడు.

సాగదీయవలసిన పని లేకపోయింది. వేలాపురం జనం తగువును మరిచి అప్పుడే పనిలో పడ్డారు. "ఇంత కంచు ఎవడికి దొరుకుతుందమ్మా? మట్టితో చేస్తే?" అంది పుల్లి అనే కుమ్మరి పడుచు. తన బుట్టలోంచి పిడతంత మట్టిబుడ్డి తీసి, నూనె పోసి, వత్తి వేసింది. రాతికింద దొర్లిన రేకుముక్కను ఏరి అందులో పడేసింది. "ఏం పోయింది, చూద్దాం."

"వద్దు! అది మా నాన్న చేసినట్టు లేదు" అంది సౌగంధి.

"మీ నాన్ననే పిలిపించు మరి, ఎలా చెయ్యాలో చెబుతాడు."

"మంచు తీసుకుపోయింది."

పుల్లి వత్తి వెలిగించి బుడ్డిని ఒళ్ళో పెట్టుకుంది. "ఒక్కటి చేసుకోలేదా తల్లీ, ఇంటికోసం?" అంది మెల్లగా.

మణిశైలంలో ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అప్పుడు జనంలోంచి బూడిదరంగు శాలువా కప్పుకున్న పొడుగాటి మనిషి ముందుకు వచ్చాడు. చేతిలో మూతకు మైనం వేసిన నల్లజాడీ. గొంతు బావిలోంచి వచ్చినట్టు చల్లగా ఉంది.

"ఆ కంచుదీపం నాకు ఇచ్చెయ్యండి. ఊరంతా కలిసి ఏం కోరితే అది ఇస్తాను. ఒక్కటే షరతు. ఇంకోటి చేయకూడదు."

"తిన్నె ఎక్కింది ఊరిదయ్యా. ఒకడికి ఇవ్వడం కుదరదు" అంది బంగారక్క.

"బాగా ఆలోచించండి. పక్క రాజ్యంవాళ్ళు ఆలోచించారు. ఎంత చక్కగా దాచిపెట్టుకుంటున్నారో చూడండి." ఆ మనిషి తల తిప్పి, బండి చాటున ఉన్న చిత్రకేతుణ్ణి సూటిగా చూసి నవ్వాడు. "ఏం రాజకుమారా? తొలి వస్తువును గుడిలో పెట్టి తాళం వెయ్యమని మీ ముత్తాతకు ఉపదేశించిన సన్యాసి ఎవరనుకున్నావు?"

మరుక్షణం బండి నొగల కింద దాచిన కత్తి చిత్రకేతుడి చేతిలో మెరిసింది. "ధూమకంఠా!" అంటూ ఒక్క దూకు దూకి నరికాడు. కత్తి శాలువాలోంచి గాలిలోంచి దూసుకుపోయినట్టు పోయి జాడీకి తగిలింది.

జాడీ పగిలింది. అంత చిన్న జాడీలో అంత మంచు ఎలా పట్టిందో! బుసబుసమంటూ నల్లగా లేచి సంతను కమ్మేసింది. పట్టపగలే సూర్యుడు మసిబారిన పళ్ళెంలా అయిపోయాడు. జనం ఒకరినొకరు తొక్కుకుంటూ పరిగెత్తారు. చేపలామె మొగుడు ఆమె చెయ్యి విడిపించుకుని, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగాడు. గుర్రాలు సకిలించాయి. ఒక భటుడు తన పేరు తానే వల్లె వేసుకుంటూ వేసుకుంటూ, సగంలో ఆగిపోయి, గుర్రం దిగి నడవడం మొదలుపెట్టాడు.

"దీపం వెలిగించు!" అని చిత్రకేతుడు ఎక్కడినుంచో అరిచాడు.

సౌగంధి చెకుముకి కొట్టింది. నీళ్ళు, ఇసుక పడిన వత్తి అంటుకోలేదు. మళ్ళీ కొట్టింది. మంచు ఆమె చీలమండల దాకా వచ్చింది. చెల్లి పేరు గుర్తు చేసుకోబోతే ఒక అక్షరం ఆలస్యంగా వచ్చింది.

తిన్నెకు అవతలివైపు ఒక చోట మాత్రం మంచు లేదు. అక్కడ పుల్లి ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో మట్టిబుడ్డి వెలుగుతోంది. గోరంత రేకుముక్క అందులో ఎర్రగా కాలుతోంది. దాని చుట్టూ ఒక మనిషి పట్టేంత మేర గాలి శుభ్రంగా ఉంది.

ఒక ముక్కకు ఒక మనిషి. సౌగంధికి అర్థమైంది. ఆమె దీపాన్ని తిన్నె మీద పెట్టి, చేపలామె పారేసిన రోకలి అందుకుంది.

"ఏయ్! తొలి వస్తువు అది! చేతులు పడిపోతాయి!" అని సింగన వెర్రికేక పెట్టాడు. చిత్రకేతుడు కూడా, "సౌగంధీ, ఆగు!" అన్నాడు. అతడు పుట్టిన గడ్డ అతడి చేత ఆ మాట అనిపించింది.

ఆమె చేతులు పడిపోలేదు. రోకలి పడింది. తండ్రి నెలల తరబడి మూసలో పోసి, సానపట్టి, ఊపిరి తగలనీయకుండా చేసిన రేకు ఒక్క పోటుకు తునాతునకలైంది. "బుడ్డీలు తెండి! అందరూ మట్టిబుడ్డీలు తెండి!" అని సౌగంధి అరిచింది. అంత పెద్ద గొంతు తనకు ఉందని ఆమెకే తెలియదు.

ఇక ఎవరూ ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. పుల్లి బుట్ట బోర్లించింది. ఒకరు నూనె పోశారు, ఒకరు వత్తి వేశారు, ఒకరు ముక్క వేశారు. నిచ్చెనవాడు పగిలిన ముంతలకు కూడా పనికల్పించాడు. ఒకటి వెలిగింది, పక్కన ఇంకొకటి, ఆపైన వరసకు వరస. మంచు తిన్నె నుంచి సంత అంచుకు, సంత నుంచి కోటవాకిలికి వెనక్కి జరిగింది. చేపలామె మొగుడు ఏడుస్తూ ఆమె భుజం మీద వాలిపోయాడు. శాలువా మనిషి మాత్రం ఎక్కడా లేడు.

జనం ఈలలు వేశారు. సౌగంధి వేయలేదు. ఆమె మంచు ఎటు పోతోందో చూస్తోంది. కోటవాకిలి దాటి, కనుమ ఎక్కి, అది వచ్చినదానికంటే వేగంగా మణిశైలం వైపు పరిగెడుతోంది.

"ఈ బుడ్డీలు మా కొండల్లో ఇంటింటికీ చేరాలి. ఇప్పుడే" అంది.

వర్తకులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "వస్తువుకేం లోటు లేదమ్మా" అన్నాడు ఒకడు ఇబ్బందిగా. "మీవాళ్ళకు దీపాలు అమ్మడమెలా? ఒకటి ఇస్తే గుడి కడతారు. రెండోది ఇస్తే చెయ్యి నరుకుతారు. మా తాతల నాటి నుంచీ మీ కొండకు మేం ఉప్పు తప్ప ఏదీ తీసుకురాలేదు."

"నిజమే" అన్నాడు చిత్రకేతుడు. "నేను ఆజ్ఞ వేసినా తలుపులు తియ్యరు. చస్తారు గానీ రెండోది ముట్టరు."

సౌగంధి తిన్నె మీద మిగిలిన తునకల వంక చూసింది. వస్తువును ముట్టరు. అమ్మ కూడా ముట్టదు. అయితే ఆద్యాలయం నుంచి వచ్చినదాన్ని కాదనే మనిషి కొండ మీద ఎవరున్నారు? గుడిలో పెట్టే పులిహోర రెండో ముద్ద అని ఎవరైనా లెక్కపెడతారా? ఒకే దేవుడి నైవేద్యం ఊరంతా తింటే పోటీ అంటారా?

ఆమె ఒక మట్టిబుడ్డి తీసుకుని సింగన గుర్రం ముందుకు నడిచింది. "నాయకా, గుళ్ళో దీపం ఇక లేదు. అది వీటన్నిటిలో ఉంది. ఇది రెండోది కాదు, అదే. ప్రసాదం."

"మాటలతో మాయ చేస్తున్నావు" అన్నాడు సింగన. ఈటె దించలేదు.

"మీ ఇల్లెక్కడ?"

సింగన ఈటె కొస కిందికి వాలింది. "కొండవారనే. పసివాడున్నాడు."

"ప్రసాదం వద్దని అనండి మరి. నేనే చేతులు కట్టించుకుని వస్తాను."

సింగన మంచు పోతున్న కనుమవైపు చూశాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. తరువాత భటులవైపు తిరిగి, "జీనుసంచులు ఖాళీ చెయ్యండిరా" అన్నాడు బొంగురుగా.

గుర్రాలకు ఇరువైపులా బుడ్డీలు వేలాడదీసి, నురగలు కక్కేలా తోలారు. పొద్దువాలేసరికి కంచరిగూడెం చేరారు. ఒక్క కొలిమిలోనూ నిప్పు లేదు. కుక్క కూడా మొరగలేదు. మంచు వీధిలో లేదు. అందుకే సౌగంధికి మరీ భయం వేసింది. సింగన, భటులు తలో దిక్కుకూ పోయారు. చిత్రకేతుడు కత్తి దూసి ఆమె వెనక నిలబడ్డాడు.

ఆమె తమ ఇంటి తలుపు తట్టింది. "అమ్మా, నేను. సౌగంధిని."

లోపల ఏదో కదిలింది. "ఎవరమ్మా?" అంది తల్లి గొంతు, కొత్తవాళ్ళతో మాట్లాడేంత మర్యాదగా. "నాకు కూతుళ్ళు లేరే. ఇల్లు పొరబడ్డారేమో."

తలుపు సందుల్లోంచి నల్లటి పోగులు వెంట్రుకల్లా బయటికి రావడం అప్పుడు కనిపించింది. వీధిలో లేని మంచు ఇళ్ళలో ఉంది.

చిత్రకేతుడు తలుపు తన్నబోయాడు. సౌగంధి చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. కన్నీళ్ళు మింగి, బుడ్డి వెలిగించి, గుమ్మం ముందు వంగింది.

"పొరబడలేదు తల్లీ. ఆద్యాలయం నుంచి వచ్చాను. ప్రసాదం తెచ్చాను, పుచ్చుకోండి."

ఆ తరువాత గడియ కిర్రుమంది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ చీకటి సందులోంచి ప్రసాదానికి చాచిన చెయ్యి ఒకటి మెల్లగా బయటికి వచ్చింది. అమ్మది. దాని పక్కన చిన్నది, చెల్లిది.

వాటి నడుమనుంచి బూడిదరంగు శాలువా అంచు కప్పిన మరో చెయ్యి వచ్చింది. మూడూ కుడిచేతులే.